చెత్త ఎవరిది, చాకిరీ ఎవరిది?

(మహిళా సంఘాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపార సంస్థలు తమంతట తాముగా చెత్త తగ్గించుకోవడం గురించి, పారేసే వస్తువుల్ని తిరిగి వాడకంలోకి తేవడం గురించి మాట్లాడమని నన్నడిగారు. స్త్రీల హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఈ విషయం ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. దీన్ని పర్యావరణం వాళ్ళో, మున్సిపాలిటీ వాళ్ళో చూసుకుంటారు, మనకి గృహహింస కేసులూ, కూలి రేట్లూ, భూమి హక్కులూ చాలవా అనుకోవచ్చు. ఆ ప్రశ్నతోనే మొదలుపెడదాం.

ఏ పట్టణంలోనైనా రాత్రి దుకాణాలు మూసే వేళకి బజారుకి వెళ్ళి చూడండి. బట్టల కొట్ల ముందు అట్టపెట్టెలు, చీరల మీది ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి. హోటళ్ళ వెనక మిగిలిన అన్నం, పార్సిల్ డబ్బాలు ఉంటాయి. ఫంక్షన్ హాళ్ళ దగ్గర పేపరు పళ్ళేలు, గ్లాసులు, సగం తాగి పారేసిన నీళ్ళ సీసాలు గుట్టలుగా పడి ఉంటాయి. తెల్లవారేసరికి ఇందులో చాలా భాగం కనబడదు. మున్సిపాలిటీ బండి రాకముందే భుజాన గోనెసంచులు వేసుకున్న స్త్రీలు వచ్చి అట్టలూ, సీసాలూ, ఇనుమూ, గట్టి ప్లాస్టిక్కూ ఏరుకుపోతారు. వాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు, సంచార కులాల స్త్రీలు, పల్లెల్లో పని దొరక్క పట్టణానికి వచ్చినవాళ్ళు. వాళ్ళు తెచ్చినదాన్ని పాత సామాన్ల కొట్టువాడు కాటా వేసి కొంటాడు. అక్కణ్ణించి అది పెద్ద వ్యాపారికి, అక్కణ్ణించి ఫ్యాక్టరీకి పోతుంది. ఈ గొలుసులో పైకి పోయేకొద్దీ డబ్బు, మగవాళ్ళు కనిపిస్తారు. కిందికి వచ్చేకొద్దీ మురికి, స్త్రీలు కనిపిస్తారు.

కాబట్టి చెత్తను తిరిగి వాడకంలోకి తేవడమనేది అన్నిటికంటే ముందు ఒక శ్రమ. ఎవరో వంగి ఏరాలి, ఎవరో వేరుచెయ్యాలి, ఎవరో కడగాలి, ఎవరో మొయ్యాలి. ఏ సంస్థ అయినా 'మేం స్వచ్ఛందంగా ఇంత చెత్త తగ్గించాం' అని ప్రకటించినప్పుడు ఆ పని ఎవరు చేశారు, వాళ్ళకి ఏం ముట్టింది అని అడగవలసిన బాధ్యత మనది. కంపెనీ స్వచ్ఛందంగా ప్రకటించిన పని కొందరు స్త్రీలకు వెట్టి కాకూడదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

చెత్త మాట రాగానే వేలు ఎటు చూపిస్తారో గమనించండి. 'ప్రజల్లో అవగాహన లేదు', 'గృహిణులు తడిచెత్త పొడిచెత్త వేరుచెయ్యడం లేదు' అంటారు. రెండు బుట్టలు, మూడు బుట్టలు పెట్టుకోవలసిందీ, అన్ని రకాలూ విడదీయవలసిందీ ఇంట్లో ఆడవాళ్ళే. ఇంటిచాకిరీలో ఇదొకటి కొత్తగా చేరింది. ఆ ప్లాస్టిక్ ఇంట్లోకి ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు.

ఈ తిరకాసు కొత్తది కాదు. అమెరికాలో 1953లో వర్మాంట్ రాష్ట్ర శాసనసభ, వాపసు తీసుకోని బీరు సీసాలను నిషేధించింది. ఆ ఏడాదే సీసాలూ డబ్బాలూ తయారుచేసే కంపెనీలు మరికొన్ని సంస్థలతో కలిసి 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' అనే సంస్థను పెట్టాయి. రోడ్ల మీద చెత్త వెయ్యడం పౌరుల చెడ్డ అలవాటని అది ఏళ్ళ తరబడి ప్రచారం చేసింది. వర్మాంట్ చట్టం మాత్రం నాలుగేళ్ళకే గడువు తీరి పోయింది. సీసా తయారుచేసినవాడి బాధ్యత సీసా పారేసినవాడి తప్పుగా మారిపోయింది. స్త్రీలపై హింస జరిగినప్పుడు 'ఆమె ఆ వేళకి అక్కడికెందుకు వెళ్ళింది' అని అడిగే సమాజంలో పనిచేస్తున్నాం కాబట్టి, బాధ్యతను ఇలా పక్కకి నెట్టే పద్ధతి మనకి కొత్తగా వివరించనక్కర్లేదు.

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ షాంపూ పేకెట్టు. 1970ల చివరా, 1980లలోనూ తమిళనాడులో పుంజుకున్న ఈ చిన్న పేకెట్లు ఇప్పుడు ప్రతి పల్లె కిరాణా కొట్టులో దండలుగా వేలాడుతుంటాయి. పెద్ద సీసా కొనలేని కూలి స్త్రీకి రూపాయికో రెండు రూపాయలకో సరుకు అందుతోందని కంపెనీలు చెప్పుకుంటాయి. అందులో కొంత నిజముంది. కానీ ఆ పేకెట్టు పలుచటి పొరలు ఒకదాని మీద ఒకటి అతికించి చేసింది. దాన్ని విడదీసి కరిగించడం గిట్టుబాటు కాదు. అందుకే పాత సామాన్ల కొట్టువాడు కొనడు, ఏరుకునే స్త్రీ ముట్టుకోదు. చివరికి అది మురుగుకాలవలో, పొలం గట్టున, పొయ్యిలో తేలుతుంది. పొయ్యిలో వేస్తే ఆ పొగ పీల్చేది వంట చేసే మనిషే.

2016లో వచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు, తిరిగి వాడుకకు పనికిరాని ఇలాంటి పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్ళలో తొలగించాలన్నాయి. రెండేళ్ళూ గడిచేసరికి, 2018లో, ఆ వాక్యాన్నే సవరించారు. తిరిగి వాడుకకు పనికిరానిదీ, లేదా కాల్చి శక్తి తియ్యడానికి వీల్లేనిదీ, లేదా మరే ఉపయోగమూ లేనిదీ తొలగించాలని మార్చారు. కాల్చడానికైతే దాదాపు ప్రతి ప్లాస్టిక్కూ పనికొస్తుంది. నాలుగు మాటలు చేర్చడంతో నిబంధన పదును పోయింది.

ఇక స్వచ్ఛంద వాగ్దానాల సంగతి. 2022లో కోకాకోలా కంపెనీ, 2030 నాటికి తమ పానీయాల్లో నాలుగో వంతు తిరిగి నింపే సీసాల్లోనో, మళ్ళీ వాడే పాత్రల్లోనో అమ్ముతామని ప్రకటించింది. 2024 డిసెంబరులో లక్ష్యాలను సవరించి ఆ మాట వదిలేసింది. 2025 నాటికి కొత్త ప్లాస్టిక్ వాడకం సగానికి తగ్గిస్తామన్న యూనిలీవర్, 2024లో దాన్ని 2026 నాటికి 30 శాతానికి కుదించింది. మాట ఇచ్చినప్పుడు పెద్ద అక్షరాల్లో ప్రకటన వస్తుంది. వెనక్కి తీసుకున్నప్పుడు నివేదికలో ఒక పేరా మారుతుంది. మాట తప్పినందుకు శిక్ష లేదు. స్వచ్ఛందం అంటే అదే కదా.

అలాగని స్వచ్ఛంద ప్రయత్నమంతా బూటకమని నేననడం లేదు. అది ఎక్కడ నిలబడింది, ఎక్కడ కూలిపోయింది అని చూస్తే మూడు సంగతులు కనిపిస్తాయి.

మొదటిది, లాభం ఉన్నచోట నిలబడుతుంది. వంటగ్యాస్ సిలిండరు ఎప్పుడైనా చెత్తకుప్పలో కనిపించిందా? కంపెనీకి సిలిండరు విలువైనది కాబట్టి డిపాజిట్ తీసుకుని, ఖాళీది పట్టుకెళ్ళి, నిండుది ఇస్తుంది. గోలీసోడా సీసా కూడా అలాగే తిరిగేది. భద్రాచలం దగ్గర సారపాకలో పేపరు మిల్లు నడిపే ఐటీసీ, ఇళ్ళ నుంచీ ఆఫీసుల నుంచీ పాత కాగితం సేకరించే కార్యక్రమం నడుపుతోంది. పాత కాగితం ఆ పరిశ్రమకు ముడిసరుకు. ఇందులో తప్పేమీ లేదు. అయితే ధర పలకని చెత్తకు ఈ దారి పనికిరాదు.

రెండోది, వెనక చట్టం ఉన్నచోట నిలబడుతుంది. జర్మనీలో 1991లో వచ్చిన ప్యాకేజింగ్ చట్టం, సరుకు కట్టిన అట్టలూ డబ్బాలూ కంపెనీలూ దుకాణాలే వెనక్కి తీసుకోవాలంది. తీసుకోకపోతే చిక్కు తప్పదు గనక కంపెనీలు కలిసి సొంత ఖర్చుతో సేకరణ వ్యవస్థ పెట్టుకున్నాయి. మన దేశంలో 2022లో ప్లాస్టిక్ తయారీదారుల బాధ్యత గురించి వివరమైన మార్గదర్శకాలు వచ్చాయి. కంపెనీ తన ప్లాస్టిక్‌కు సమానమైనంత తిరిగి వాడుకలోకి వచ్చిందని సర్టిఫికెట్లు చూపించాలి. ఆ మరుసటి ఏడాదే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లో లక్షల సంఖ్యలో దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. కాగితం మీద తిరిగి వాడుకలోకి వచ్చిన ప్లాస్టిక్ నేల మీద అలాగే పడివుంది. చట్టం ఉంటే సరిపోదు, కింద చూసే కళ్ళు కూడా కావాలి.

మూడోది, శ్రమ చేసేవాళ్ళు సంఘటితమైనచోట నిలబడుతుంది. మనకి అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పుణెలో ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయం వయోజన విద్యా విభాగం వాళ్ళు, చెత్త ఏరుకునే స్త్రీల మధ్య పనిచేయడంతో మొదలై 1993లో 'కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్' అనే సంఘం ఏర్పడింది. కాగితం, గాజు, రేకు ఏరే కష్టజీవుల సంఘమని ఆ పేరుకు అర్థం. సభ్యుల్లో అత్యధికులు దళిత స్త్రీలు. వాళ్ళు ముందు అడిగింది దానం కాదు, గుర్తింపు కార్డు. చేతిలో కార్డు ఉంటే పోలీసు దొంగ అని పట్టుకోడు, వాచ్‌మన్ గేటు దగ్గర తరమడు. ఆ తర్వాత వాళ్ళ సహకార సంఘం 'స్వచ్ఛ్', 2008లో పుణె నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకున్నందుకు నెలనెలా రుసుము వాళ్ళకే వస్తుంది, అమ్ముడుపోయే సరుకు మీద హక్కు కూడా వాళ్ళదే. కుప్పల్లో వెతుక్కునే పని నుంచి, గుమ్మం దగ్గర నిలబడి లెక్క ప్రకారం తీసుకునే పనికి మారారు. కుప్పలో కుళ్ళిన దానిలోంచి ఏరిన అట్టకీ, పొడిగా చేతికందిన అట్టకీ కాటా దగ్గర ధర ఒక్కటి కాదు.

వాళ్ళే ఇంకో పని చేశారు. వాడేసిన శానిటరీ నాప్‌కిన్లు చుట్టకుండా చెత్తలో కలిపేస్తే చేత్తో తియ్యవలసింది ఈ స్త్రీలే. 2013లో వాళ్ళు అలాంటి నాప్‌కిన్లను పోగుచేసి, తయారుచేసే కంపెనీలకే పంపించారు. మీ వస్తువు, మీరే చూసుకోండి అన్నారు. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో, నాప్‌కిన్ల కంపెనీలు తిరిగి వాడుకకు పనికొచ్చే పదార్థాలైనా చూడాలి, లేదా ఒక్కో దానికీ చుట్టి పారేసే సంచి ప్యాకెట్టుతో పాటైనా ఇవ్వాలి అన్న మాట చేరింది. ఒక స్త్రీ శరీరానికి సౌకర్యం ఇంకో స్త్రీ చేతులకు అవమానం కాకూడదని చెప్పడానికి ఇంతకంటే సూటి దారి నాకు తెలియదు.

ఇప్పుడు మన పని దగ్గరికి వద్దాం. మన ఊళ్ళో ఉన్న హోటలునీ, ఫంక్షన్ హాలునీ, బట్టల షాపునీ, నర్సింగ్‌హోమునీ, ఫ్యాక్టరీనీ ఏమడగాలి?

మొదట తూకం అడగాలి. ఒక్క వారం రోజులు తమ చెత్తను రకాలవారీగా తూచి రాసుకోమనాలి. తడిది ఎన్ని కిలోలు, అట్ట ఎన్ని, ప్లాస్టిక్ ఎన్ని, దేనికీ పనికిరానిది ఎన్ని. ఇది ఖర్చులేని పని. ఈ లెక్క లేకుండా 'తగ్గించాం' అనే మాటకు అర్థం లేదు. స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీల్లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి కంపెనీలు, 2022-23 నుంచి తమ వ్యర్థాల లెక్క టన్నుల్లో వార్షిక నివేదికలో చూపాలని సెబీ తప్పనిసరి చేసింది. మన ప్రాంతంలో ఫ్యాక్టరీ ఉన్న కంపెనీది తీసి చదవండి. రెండేళ్ళ అంకెలు పక్కపక్కన పెడితే చాలా ప్రశ్నలు పుడతాయి.

రెండోది, తిరిగి వాడటం కంటే ముందు తగ్గించడం. అసలు పుట్టని చెత్తను ఎవరూ ఏరక్కర్లేదు. ఫంక్షన్ హాలు నీళ్ళ సీసాల బదులు నీళ్ళ డ్రమ్ములు, స్టీలు గ్లాసులు పెట్టొచ్చు. సొంత క్యారియర్ తెచ్చుకున్నవాళ్ళకి హోటలు రెండు రూపాయలు తగ్గించవచ్చు. చీర చీరకీ కవరు తొడగక్కర్లేదని బట్టల షాపు తన సరఫరాదారుకి చెప్పొచ్చు. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో ఆదివాసీ స్త్రీలు అడ్డాకుల విస్తళ్ళు కుడతారు, తెలంగాణలో మోదుగ విస్తళ్ళు కుట్టే స్త్రీలున్నారు. థర్మకోలు, ప్లాస్టిక్ పూత వేసిన పేపరు పళ్ళేలు వచ్చి వాళ్ళ పని దెబ్బతీశాయి. ఫంక్షన్ హాలు మళ్ళీ ఆకు విస్తరి కొంటే చెత్త తగ్గుతుంది, పని పెరుగుతుంది. కానీ వందకి ఎంత ఇస్తున్నారో అడగడం మరిచిపోవద్దు. మధ్యలో దళారి మిగుల్చుకుని, కుట్టిన చేతికి చిల్లర ఇస్తే మనం సాధించింది ఏమీ లేదు.

మూడోది, శ్రమ లెక్క. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఆలోచించాలి. స్టీలు పళ్ళేలు మళ్ళీ వాడాలంటే ఎవరో కడగాలి. ఫంక్షన్ హాళ్ళలో అర్ధరాత్రి దాకా సోడానీళ్ళలో చేతులు పెట్టి అంట్లు తోమేది స్త్రీలే. చెత్త వేరుచెయ్యాలని యజమాని నిర్ణయిస్తే కాంట్రాక్టు మీద ఊడ్చే స్త్రీకి రోజుకో గంట పని పెరుగుతుంది, జీతం పెరగదు. గుడ్డ నాప్‌కిన్లు వాడమని సలహా ఇవ్వడం సులభం, నీళ్ళు లేని బస్తీలో వాటిని ఉతికి ఎండలో ఆరేసుకునే చోటు ఎక్కడుంది? కాబట్టి పర్యావరణానికి మేలు చేసే ప్రతి మార్పూ తనంతట తాను స్త్రీలకు మేలు చెయ్యదు. పెరిగిన పని గంటలకు కూలి, గ్లౌజులు, కడుక్కోవడానికి నీళ్ళు, వెళ్ళడానికి మరుగుదొడ్డి ఒప్పందంలో ఉండాలి.

నాలుగోది, రాతపూర్వకమైన ఒప్పందం. పొడిచెత్తను ఫలానా స్త్రీల సంఘానికే ఇస్తామని, ఫలానా వేళకి లోపలికి రానిస్తామని, అమ్ముడుపోని చెత్త ఎత్తినందుకు నెలకింత ఇస్తామని కాగితం మీద ఉండాలి. ఇది ఎందుకంటే, చెత్తకు విలువ వచ్చిన మరుక్షణం లారీ ఉన్న కాంట్రాక్టరు వస్తాడు. నిన్నటిదాకా అక్కడ ఏరుకున్న స్త్రీ రేపు గేటు బయట నిలబడుతుంది. పేదవాళ్ళ చేతిలో ఉన్నంతకాలం అసహ్యమైనది, టెండరు పిలవగానే వనరు అవుతుంది.

అయిదోది, ధర పలకని వస్తువుల ఖర్చు తయారుచేసినవాళ్ళు భరించాలి. షాంపూ పేకెట్లు, పాన్ మసాలా పొట్లాలు, నాప్‌కిన్లు ఏరి దూరంగా ఉంచినందుకు కూడా కూలి ఉంటుంది. ఆ కూలి ఇవ్వవలసింది ఏరుకునే స్త్రీ పొరుగువాళ్ళు కాదు, ఆ పేకెట్టు మీద పేరు అచ్చువేసుకున్న కంపెనీ.

చిన్న వ్యాపారుల మాటేమిటని మీరడగవచ్చు. కిరాణా కొట్టు నడుపుకునే ఒంటరి స్త్రీనీ, పచ్చళ్ళు కవర్లలో కట్టి అమ్ముకునే పొదుపు సంఘాన్నీ బహుళజాతి కంపెనీతో ఒకే గాటన కట్టకూడదు. ఆమె పేకెట్టును తయారుచెయ్యలేదు, వచ్చినదాన్ని అమ్ముతోంది. మన ఒత్తిడి సరఫరా గొలుసులో పై నుంచి కిందికి రావాలి. చిన్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు పచ్చడికి గాజుసీసా, సీసా తిరిగి తెస్తే అయిదు రూపాయలు అన్నంతవరకు చాలు. మున్సిపాలిటీ జరిమానాల పుస్తకం ఎప్పుడూ తోపుడుబండి ముందే తెరుచుకుంటుంది. అందులో మనం భాగం కావద్దు.

ఇదంతా మనం పట్టించుకోకపోతే ఏమవుతుంది? హైదరాబాదు చెత్త చేరే జవహర్‌నగర్ చుట్టుపక్కల బస్తీల స్త్రీలను అడగండి. అక్కడి భూగర్భజలాల కాలుష్యం మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా కేసులు వెళ్ళాయి. నగరం నడిబొడ్డున ఒక షాపులో పుట్టిన చెత్త ఎక్కడికో పోయిందనుకుంటాం, అది ఎవరో ఒకరి ఇంటి పక్కకే పోతుంది. ఆ ఇల్లు ఎప్పుడూ పేదవాళ్ళదే. ఆ ఇంట్లో నీళ్ళు మోసేది ఎప్పుడూ స్త్రీయే. ఇది హక్కుల విషయం ఎలా అయిందన్న ప్రశ్నకు ఇంతకంటే జవాబు అవసరం లేదనుకుంటాను.

చివరిగా ఒక ప్రతిపాదన. మీలో ప్రతి సంఘం మీ ఊళ్ళో ఒకే ఒక్క వ్యాపార సంస్థను ఎంచుకోండి. యజమాని దగ్గరికి వెళ్ళేముందు అక్కడ ఊడ్చే స్త్రీలతో, ఆ వీధిలో ఏరుకునే స్త్రీలతో కూర్చుని మాట్లాడండి. వాళ్ళకి ఏం కావాలో వాళ్ళ నోటినుంచి విన్న తర్వాతే కాగితం రాయండి. ఆ కాగితంలో తూకం ఉండాలి, తేదీ ఉండాలి, కూలి ఉండాలి, మాట తప్పితే ఎవరికి జవాబు చెప్పాలో ఉండాలి. సంతకం పెట్టేటప్పుడు ఆ స్త్రీలు కూడా బల్ల దగ్గర కుర్చీలో కూర్చోవాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ కలుసుకున్నప్పుడు ఆ లెక్కలు పట్టుకురండి. ఎక్కడ కుదిరింది, ఎక్కడ కుదరలేదు అన్నది వాటిని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.